ఆపడం రానప్పుడు అంత స్పీడెందుకండీ?

మా బావగారికి పాత కారొకటి ఉంది. హోండా సిటీ వీటెక్, ఫియట్ పాలియో 1.6 లాంటివి రోడ్డెక్కిన కాలం నాటిది. నూరు గుర్రాల శక్తి ఉంటే చాలు, స్పోర్ట్స్ కారని మనం మురిసిపోయిన రోజులవి. బావగారు దానికి క్యామ్‌షాఫ్ట్ మార్చారు, ఎగ్జాస్ట్ మార్చారు, పెద్ద అల్లాయ్ వీల్స్ వేశారు. బ్రేకుల జోలికి మాత్రం పోలేదు.

ఒక సంక్రాంతికి అందరం మారేడుమిల్లి వెళ్ళాం. ఘాట్ దిగుతుంటే పెడల్ దూదిలా మెత్తబడి కిందదాకా పోయింది. గేరు తగ్గించి, హ్యాండ్‌బ్రేకు లాగి, ఎలాగోలా ఓ పక్కకి ఆపారు. వెనక సీట్లో అక్క, మేనకోడలు.

నా కోపం ఆ రోజు గురించి కాదు, ఆ తర్వాత జరిగినదాని గురించి. రాజమండ్రి వచ్చి షెడ్డులో చూపిస్తే పెడల్ శుభ్రంగా ఉంది! "ఎందుకలా అయింది?" అని ఒక్కరూ అడగలేదు. కన్నాలున్న డిస్కులు, ఖరీదైన ప్యాడ్లు వేయించుకున్నారు. కొన్నాళ్ళకి మళ్ళీ అదే ఘాట్, మళ్ళీ అదే దూది. అప్పుడు నేను డబ్బా మూత తీసి చూస్తే బ్రేక్ ఫ్లూయిడ్ కాఫీ డికాషన్ రంగులో ఉంది. "ఎప్పుడు మార్పించారు?" అంటే, "అది కూడా మారుస్తారేంటి?" అన్నారు!

సంగతేంటంటే, మామూలుగా వాడే ఫ్లూయిడ్ తేమని పీల్చుకుంటుంది. గోదావరి జిల్లాల ఉక్కపోత గురించి మీకు వేరే చెప్పాలా? కొత్త డాట్ 4 ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీలదాకా మరగకూడదు. అందులో 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కి పడిపోతుంది. మరిగితే ఆవిరి బుడగలొస్తాయి. ద్రవం నొక్కితే నొక్కుకోదు, ఆవిరి నొక్కుకుంటుంది. మీ కాలి బలమంతా ఆ బుడగలకే సరి. చల్లారాక అంతా మామూలే. అందుకే షెడ్డులో ఏ తప్పూ దొరకలేదు.

మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం. ప్రొడక్షన్‌లో బగ్ వస్తే లాగ్స్ చూడకుండా సర్వర్లు మార్చేస్తే మేనేజరు ఊరుకుంటాడా? మరి ప్రాణాలు మోసే కారు దగ్గర ఆ బుద్ధి ఏమైపోతుంది? బ్రేకు ప్రతిసారీ ఎర్రర్ మెసేజ్ ఇస్తూనే ఉంటుంది, చదివేవాళ్ళే లేరు. పెడల్ స్పాంజిలా ఉండి, పంపు చేస్తే గట్టిపడుతోందా? పైపుల్లో గాలి ఉందేమో, వెనక డ్రమ్ముల అడ్జస్ట్‌మెంట్ పోయిందేమో చూడండి. తొక్కి పట్టుకుంటే మెల్లగా దిగిపోతూ, బయట ఎక్కడా లీకు లేదా? మాస్టర్ సిలిండర్ లోపలి సీళ్ళని అనుమానించండి. ఒక పక్కకి లాగుతోందా? ఒకవైపు కాలిపర్ పట్టేసి ఉండొచ్చు. పెడల్ రాయిలా ఉందా? ఇంజను ఆపి నాలుగైదుసార్లు తొక్కండి, తొక్కి పట్టుకునే స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త దిగాలి. దిగలేదంటే బూస్టరో, దాని వాక్యూమో తేడా. మీరు ముచ్చటపడి వేయించిన ఆ క్యామే ఐడిల్‌లో వాక్యూమ్ తగ్గించేస్తూ ఉండొచ్చు.

"అదేమన్నా రేసు కారా, ఇంత రాద్ధాంతం ఎందుకు?" అంటారు. 100లో ఉన్న కారుని ఆపడానికి బ్రేకులు ఎంత వేడి మింగాలో, 140లో దానికి దాదాపు రెట్టింపు మింగాలి. టైరు మొత్తం వ్యాసం 5 శాతం పెరిగితే, అదే బ్రేకు రోడ్డు మీద చూపించే పట్టు సుమారు 5 శాతం తగ్గుతుంది. అంటే మోడిఫికేషన్ పేరుతో మనం చేసింది బ్రేకులకి పని పెంచి, బలం తగ్గించడం. చట్టం సంగతంటారా, 2019 సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5,000 జరిమానా, ఆరు నెలలదాకా జైలు కూడా పడొచ్చు. కానీ ఫ్లూయిడ్ మార్చలేదని ఏ పోలీసూ ఆపడు. అది మన పూచీయే.

పైగా ఇవి హైవేలు కావు. మన గట్టు రోడ్లకి ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేలు, మలుపు తిరిగితే రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, దాని పక్కన కాపలా కూర్చున్న ముసలాయన. మీ ఎగ్జాస్ట్ మోత విని ఆయన లేచి పక్కకి తప్పుకుంటాడనా మీ ధైర్యం?

మీ కారు సున్నా నుంచి నూరుకి ఎన్ని సెకన్లలో వెళ్తుందో మీకు నోటికొచ్చు. బ్రేక్ ఫ్లూయిడ్ ఆఖరిసారి మార్చింది ఎప్పుడో చెప్పండి చూద్దాం.