అద్దాలు పనికిరాని ఇళ్ల సంగతి

తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ ఉన్నతాధికారులకు,

2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైన కంటి పరీక్షల కార్యక్రమం కంటి వెలుగు, 2023 జనవరి 18న ఖమ్మంలో రెండో విడతకు చేరింది. ఒక్కో విడతలో కోటిన్నర మందికి పైగా కళ్లు చూపించుకున్నారు. ఊళ్లోనే బల్ల వేసి, దగ్గరచూపు అద్దాలు అక్కడికక్కడే చేతిలో పెట్టడం చిన్న పనేమీ కాదు.

అయితే అద్దాలకూ ఆపరేషన్‌కూ లొంగని కళ్లూ ఉంటాయి. నీటికాసుల (గ్లకోమా) వల్ల పోయిన చూపు తిరిగి రాదు. రెటినైటిస్ పిగ్మెంటోసాలో ముందు రేచీకటి వస్తుంది. ఆ తర్వాత పక్కచూపు పోతూ, గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కొంచెమే మిగులుతుంది. ఇలాంటివారికి వైకల్య సర్టిఫికెట్, దాని మీద పింఛను వస్తాయి. ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడే మనిషి మాత్రం ఎక్కడో గాని తగలడు.

ఆ లోటు వంటింట్లో తెలుస్తుంది. నిన్నటిదాకా పొయ్యి దగ్గర అన్నీ తానై నడిపిన అత్తగారిని, చెయ్యి కాల్చుకుంటుందేమోనని కోడలు మంచానికి పరిమితం చేస్తుంది. నిజానికి నేర్వాల్సినవి చిన్న పనులే. రెక్క పట్టుకుని లాక్కెళ్లకుండా, తన మోచెయ్యి ఆమెకు పట్టించి అరడుగు ముందు నడవాలి. ఉప్పు డబ్బాకు రబ్బరు బ్యాండు వేసి, దాని చోటు మార్చకూడదు. గదిలోంచి వెళ్లేటప్పుడు చెప్పి వెళ్లాలి. కంచంలో పప్పు మూడు గంటల దగ్గర, పచ్చడి తొమ్మిది దగ్గర అని గడియారం లెక్కన చెప్పాలి (గడియారం చూడటం రాని పెద్దావిడకు కుడి, ఎడమ అంటే చాలు).

1987లో హైదరాబాద్‌లో మొదలైన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో ఇలాంటివి నేర్పే పునరావాస విభాగం ఉంది. ఆదిలాబాద్ నుంచి కూలి మానుకుని అంత దూరం రమ్మనే బదులు, ఆ తరహా శిక్షణ ఉన్న ఒక్కరిని ప్రతి జిల్లా ఆసుపత్రిలో నియమించవచ్చు.

ఇక డబ్బు. దివ్యాంగుల హక్కుల చట్టం-2016లోని 24వ సెక్షన్, ప్రభుత్వాలు తేవాల్సిన పథకాల్లో ఎక్కువ ఆసరా అవసరమైనవారికి సంరక్షకుల భత్యాన్నీ చేర్చింది. పోషించే కుటుంబానికి ఆదాయపు పన్ను లెక్కలో 75,000 రూపాయలు, తీవ్ర వైకల్యమైతే 1,25,000 మినహాయింపు ఉంది. అదీ పాత పన్ను విధానంలోనే. పన్నే కట్టని కూలీ ఇంటికి దాంతో ఒరిగేదేమిటి? భత్యం మరో శాఖ చూడాల్సిందే అయినా, ఏ ఇంటికి అవసరమో ముందుగా తెలిసేది మీ శిబిరంలోనే.

కాబట్టి ఈసారి శిబిరం పెట్టినప్పుడు, పెద్దాసుపత్రికి రాసే చీటీలో ఇంట్లో చూసుకునేవారి పేరు, ఫోన్ నంబరు కూడా రాయించండి. నీటికాసులున్నవారి తోబుట్టువులకూ పిల్లలకూ ఆ జబ్బు ముప్పు మిగతావారికంటే ఎక్కువ. వాళ్లను పిలిచి కంటి ఒత్తిడి, నరం పరీక్షించడానికీ ఆ నంబరే పనికొస్తుంది.