మన పనితనానికి మస్టర్‌లో చోటేది?

ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చింది. మరుసటి ఏడాది ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే పథకం మొదలైంది. వలసపోయే బతుకులకు సొంత ఊళ్లో 100 రోజుల పని హక్కుగా దక్కడం చిన్న విషయం కాదు. ఆ హక్కు జోలికి ఎవరొచ్చినా రోడ్డెక్కుతాం. కానీ ఆ చట్టంలోనే మనల్ని తక్కువ చేసే మాట ఒకటుంది. దాని గురించి మన సభల్లో కూడా ఎవరూ మాట్లాడటం లేదు. ఏ నైపుణ్యమూ ప్రత్యేక శిక్షణా లేకుండా పెద్దవాళ్లెవరైనా చేయగల శారీరక శ్రమ అని, మనకిచ్చే పనికి చట్టం అర్థం చెప్పింది.

అంటే పలుగు పట్టకముందే మనకేమీ రాదని తేల్చేశారన్నమాట.

ఆ మస్టర్‌లో ఉన్నదెవరు? బావులు తవ్వి బతికినవాళ్లున్నారు. ఏ బండను ఎక్కడ కొడితే చీలుతుందో చూపుతోనే చెప్పేవాళ్లున్నారు. ఏ పదునులో విత్తనం వేయాలో చేత్తో మట్టి నలిపి చెప్పే ఆడవాళ్లున్నారు. చెరువు తూము ఎత్తి చివరి మడి దాకా నీళ్లు పంచిన నీరుగంట్లున్నారు. ఇంతమందినీ వరసగా నిలబెట్టి, ఇంత పొడవు ఇంత లోతు గుంత తీయమంటారు. ఎక్కడ తీయాలో మాత్రం అడగరు. వంక ఎటు పారుతుందో, పెద్ద వాన వస్తే కట్ట ఎక్కడ తెగుతుందో తెలిసినవాళ్లు గంప మోస్తుంటే, ఆఫీసులో గీసిన గీత ప్రకారం కుంట తవ్విస్తారు. నీళ్లు రాని చోట కుంటలు మన ఊళ్లలో ఎన్ని లేవు? వాటి కొలతలు మాత్రం ఎం.బుక్‌లో చక్కగా ఉంటాయి! ఇంజనీరు వద్దని మేము అనడం లేదు. ఆయన లెక్కా కావాలి, మన అనుభవమూ కావాలి.

దీని వెనక డబ్బు లెక్క ఉంది. 2005 చట్టం ప్రకారం నైపుణ్యం లేని పనికి కూలి మొత్తం కేంద్రం ఇచ్చేది. రాయి పేర్చే మేస్త్రీ కూలిని మాత్రం సిమెంటు, కంకరతో కలిపి సామగ్రి ఖర్చులో రాసేవారు. ఆ ఖర్చు 40 శాతం దాటకూడదని, అందులో పావు వంతు రాష్ట్రం భరించాలని ఉండేది. ఇక పనితనం ఉన్న పని ఎవరు పెడతారు? గుంతలు తవ్విస్తే ఏ తలనొప్పీ లేదు.

ఉపాధి పనిలో కూర్చుని కూలి తీసుకుంటారని మన రైతుల్లోనే కొందరు ఎగతాళి చేస్తారు. ఆ మస్టర్‌లో రెండెకరాల రైతు పేరు కూడా ఉంటుందని మరిచిపోవద్దు. 2023 జనవరి నుంచి రోజుకు రెండుసార్లు ఫోన్‌లో ఫొటో తీసి హాజరు వేస్తున్నారు. మనిషి వచ్చాడా లేదా అన్నదే ఆ ఫోన్‌కు పట్టింపు. వేసిన గట్టు వానకు నిలిచిందా అని అడిగే నాథుడు లేడు. మాట చెల్లని చోట, మంచి పనికీ చెడ్డ పనికీ తేడా చూడని చోట ఎవరికి మనసు పుడుతుంది?

శిక్షణ పేరుతో 'ఉన్నతి' అని ఒకటి తెచ్చారు. 100 రోజులు నిండిన ఇంట్లో 45 ఏళ్లలోపు ఒక్కరికి ఏదో ఒకటి నేర్పి, ఉపాధి పని నుంచి బయటకు పంపడం దాని ఉద్దేశం. నేర్చుకునే పిల్లలు నేర్చుకోనీ. మరి ఇప్పటికే పని వచ్చినవాళ్ల సంగతేమిటి?

రాతికట్టు, తూముల మరమ్మతు, బావి పూడికతీత, చెట్లకు అంటు కట్టడం పనుల జాబితాలోకి రావాలి. ఆ పని చేసినవాళ్లకు ఎక్కువ కూలి ఇవ్వాలి, దాన్ని కూలి ఖాతాలోనే రాయాలి. కుంటకూ కట్టకూ చోటు చూసేటప్పుడు టెక్నికల్ అసిస్టెంట్ ఊరి కూలీలతో కలిసి పొలం నడవాలి. కొలత కూలీల ముందే తీసి, చదివి వినిపించాలి.

వచ్చే ఏడాది పనులు అక్టోబర్ 2 గ్రామసభలో పెడతారు. ఈలోగా ప్రతి గ్రామ కమిటీ ఇల్లిల్లూ తిరిగి ఎవరికి ఏ పని వచ్చో ఒక కాగితం మీద రాయాలి. ఆడవాళ్ల పేర్లు వదలొద్దు. ఆ కాగితం సభలో చదివించి, తీర్మానంలో ఎక్కించి, ఒక కాపీ మండల కమిటీకి పంపండి.