సానుభూతి కాదు, తరగతిలో చోటు కావాలి

దొరవారిసత్రం అనగానే నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రం గుర్తుకు వస్తుంది. ఏటా వచ్చి గూళ్లు కట్టుకొనే గూడబాతులకు అక్కడ చట్టబద్ధమైన చోటు ఉంది. ఎవరో దయతలచి ఇచ్చినదని దాన్ని ఎవరూ అనరు. మాట ఆలస్యమైన, చూపు తగ్గిన, నెమ్మదిగా నేర్చుకొనే బిడ్డకు బడిలో చోటు అనేసరికి మాత్రం అది ఉపాధ్యాయుని దయ, తల్లిదండ్రుల అదృష్టం అన్నట్లు మాట్లాడతాము. ఆ చోటును కూడా చట్టమే ఇచ్చింది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆటిజం, అభ్యసన వైకల్యాలు కూడా వాటిలో ఉన్నాయి. ప్రభుత్వ నిధులు లేదా గుర్తింపు పొందిన విద్యాసంస్థలు ఇట్టి పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకొనేలా ప్రభుత్వం చూడాలని 16వ సెక్షన్ చెబుతున్నది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్యను 31వ సెక్షన్ హక్కుగా ఇచ్చింది. ఇక్కడొక సూక్ష్మం ఉంది. ఉచిత విద్యకు, పింఛనుకు శాతం కావాలి. వివక్ష లేని ప్రవేశానికి చట్టం ఏ శాతమూ అడగలేదు. కనుక ‘ముందు సదరం సర్టిఫికెట్ తెండి’ అంటూ బిడ్డను గడప వద్దనే ఆపడం న్యాయం కాదు. ప్రాథమిక తరగతుల్లో ఇటువంటి పిల్లలు 10 మందికి, పై తరగతుల్లో 15 మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు నిర్దేశించింది.

ఇక తల్లి సంగతి. కూలి మానుకొని బిడ్డను చంకనెత్తుకొని సచివాలయానికి, సదరం శిబిరానికి, బడికి తిరిగేది ఆమె. ఇంటి భాష ఉర్దూ, కాగితాల భాష తెలుగు. తెలుగులో అడిగిన ప్రశ్నకు ఉర్దూ మాత్రమే విన్న బిడ్డ బదులు చెప్పకపోతే, అది వైకల్యమా, భాష తెలియకపోవడమా? ఆ తేడా తేల్చకుండా వేసిన ముద్ర జీవితాంతం వెంటాడుతుంది. ఇంటికి వస్తే బంధువులు ‘నజర్ తగిలింది’ అంటారు, ‘సబర్ చెయ్’ అంటారు. సబర్ గొప్ప గుణమే. హక్కు అడగకుండా ఊరుకోవడానికి ఆ పేరు పెట్టడం తగదు.

మనల్ని మనమూ ప్రశ్నించుకోవాలి. 2012 సవరణ మదర్సాలను విద్యాహక్కు చట్టం పరిధి నుంచి తప్పించింది. 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును మైనారిటీ విద్యాసంస్థలన్నింటికీ విస్తరించింది. రాజ్యాంగంలోని 30వ అధికరణం మనకు ప్రాణప్రదం. అయితే మన సంస్థలను మనమే నడుపుకొనే స్వేచ్ఛ, మన బిడ్డలలో బలహీనులకు తలుపు మూసే స్వేచ్ఛ కారాదు. 2016 చట్టంలోని 16వ సెక్షన్, గుర్తింపు పొందిన సంస్థలలో మైనారిటీ సంస్థలను వేరుచేసి మినహాయించలేదు.

జ్ఞానం కోరి వచ్చిన అంధ సహాబీ అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) సందర్భంలో ‘అబస’ సూరా అవతరించిందని మనకు తెలుసు. పెద్దమనుషులతో మాట ఎంత ముఖ్యమైనదైనా, నేర్చుకోవాలని వచ్చినవాని నుంచి ముఖం తిప్పరాదన్నది ఆ పాఠం. ఆ సహాబీకి తరువాత దక్కినది భిక్ష కాదు, మదీనాలో అజాన్ పలికే బాధ్యత. దైవప్రవక్త (స) ప్రయాణమైనప్పుడు నగర బాధ్యతను కూడా ఆయనకు అప్పగించిన సందర్భాలున్నాయి.

దొరవారిసత్రం వంటి ప్రతి మండలంలో మస్జిదు కమిటీలు చేయగల పనులు కొన్ని ఉన్నాయి. మొహల్లాలో బడికి వెళ్లని ఇటువంటి పిల్లలెవరో తెలుసుకోవాలి. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన ఒకరు తల్లి వెంట శిబిరానికి వెళ్లాలి. అర్హులైన కుటుంబాలకు ప్రయాణ ఖర్చులు జకాత్ నుంచి ఇవ్వాలి. ప్రవేశం నిరాకరించిన చోట మండల విద్యాధికారికి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. భవిత కేంద్రంలో ప్రత్యేక ఉపాధ్యాయుడు లేకపోతే ఆ ఖాళీని నింపమని అడగాలి. అయిదేళ్లకొకసారి ఇటువంటి పిల్లలను గుర్తించే సర్వే జరపాలని 17వ సెక్షన్ చెబుతున్నది; అందులో మన ఇళ్లలోని పిల్లలు లెక్కకు వచ్చారో లేదో చూడాలి.

ఆ తల్లికి మన దుఆ కావాలి. దుఆ చేసిన చేతులతోనే ఆమె దరఖాస్తును కూడా పట్టుకొని కార్యాలయం మెట్లెక్కుదాం.