అలంపురమునకు అల్పవ్యయయాత్ర

విహారయాత్ర యనఁగానే బడులలో అద్దెబస్సు మాటయే ముందు వచ్చును. రుసుము చెల్లింపలేని పిల్లల పేర్లు పట్టికనుండి జాఱిపోవును. ఇది తగదు. తిమ్మాజిపేటనుండి జడ్చర్ల చేరి, రైలెక్కి అలంపురము రోడ్డు స్టేషనులో దిగవచ్చును. అచ్చటినుండి ఊరికి ఆటోకూలిని నలుగురు పంచుకొందురు. మూటలో జొన్నరొట్టెలు, మిరపతొక్కు ఉన్నచో హోటలుఖర్చు లేదు.

తుంగభద్రాతీరమున చాళుక్యులు కట్టించిన నవబ్రహ్మాలయములు 7, 8 శతాబ్దులవి. పేరు బ్రహ్మదైనను అవి శివాలయములే! స్వర్గబ్రహ్మాలయము వినయాదిత్యుని (681–696) కాలమునాఁటిది. శ్రీశైలము జలాశయమున మునుఁగనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయిరాయిగా విప్పి తెచ్చి యిచ్చటనే నిలిపిరి. రాళ్లకొఱకు అంత శ్రమపడిరి గదా. తోడి విద్యార్థికి రైలుటిక్కెట్టు మనకు బరువా? రాబోవు సెలవులకు పట్టికను రైలుఛార్జీతోనే వ్రాయుఁడు. ఒక్క పేరును విడువవలదు.