కదిలితే కాళ్లు పడిపోతాయా?

"కదలకు. కదిలితే కాళ్లు పడిపోతయ్!"

మెదడువాపు అనుమానంతోనో, టీబీ మెదడుకు పాకిందేమోననో వెన్నులోంచి నీరు తీసే గదుల్లో రోగి చెవిన పడే మొదటి మాట చాలాసార్లు ఇదే. పక్కకు తిప్పి పడుకోబెట్టి, మోకాళ్లు పొట్టలోకి ముడిపించి, గడ్డం ఛాతీకి ఆనించి, ఒకరు భుజాలూ ఇంకొకరు తొడలూ అదిమి పట్టి మరీ ఈ మాట అంటారు. ఇది అబద్ధం. చదువుకున్నవాళ్లు తెలిసి ఆడుతున్న అబద్ధం. దీన్ని నేను క్షమించలేను.

ఆ మాట ఆ గదిలోనే ఆగిపోదు. రోగితోపాటు డిశ్చార్జి అవుతుంది. ఖమ్మంలో సూర్యాపేట బస్సెక్కి కూసుమంచిలో దిగుతుంది. హోటల్ దగ్గర, మిరప కల్లంలో, ఆర్‌ఎంపీ అరుగు మీద కూర్చుని "నడుములోంచి నీళ్లు తీస్తే మనిషి పనికి రాడట" అవుతుంది. నాయకన్‌గూడెం చేరేసరికి "నీళ్లు తీసిన పిల్లగాడు బతకలేదట" అయి కూర్చుంటుంది. ఆ తర్వాత ఎవరో తల్లి ఆ పరీక్ష వద్దని ఏడిస్తే, అదే ఆసుపత్రిలో "మీ పల్లెటూరోళ్లకు మూఢనమ్మకాలెక్కువ" అని మమ్మల్నే తిడతారు. అయ్యా, ఈ భయాన్ని మేం మా చేలల్లో పండించలేదు. అది మీ గదిలో పుట్టింది. మీరే మా చేతిలో పెట్టి ఊరికి పంపారు.

నిజం ఏమిటో చెప్పడానికి పెద్ద చదువేం అక్కర్లేదు. వెన్నుపాము నడుము కిందిదాకా రాదు. పెద్దవాళ్లలో అది మొదటి రెండు నడుము పూసల దగ్గరే ముగిసిపోతుంది. సూది పెట్టేది అంతకన్నా కింద, మూడు నాలుగు పూసల మధ్య, లేదా నాలుగు ఐదు పూసల మధ్య. తుంటి ఎముకల పై అంచులను వేళ్లతో తడిమి ఆ చోటు పోల్చుకుంటారు. పసిపిల్లల్లో వెన్నుపాము ఇంకొంచెం కిందికి ఉంటుంది కాబట్టి సూది కూడా ఇంకా కిందికి పెడతారు. అక్కడ ఉండేవి నీళ్లలో వదిలిన నూలుపోగుల్లా తేలే నరాలు. సూది మొన వస్తే చాలావరకు పక్కకు జరుగుతాయి. ఒక్కోసారి మొన ఒక నరానికి తగిలి, ఆ కాల్లోకి జివ్వున షాక్ దిగుతుంది. ఏ కాలో చెబితే డాక్టరు సూదిని వెనక్కి లాగి దిక్కు మారుస్తారు. అప్పుడు రోగి నోరు విప్పడమే పనికొస్తుంది. మనమేమో నోరు మూయిస్తున్నాం.

ఇక తీసే నీరు ఎంతనుకున్నారు? పెద్దవాళ్లకు మామూలుగా 10 నుంచి 15 మిల్లీలీటర్లు. తలలోనూ వెన్నులోనూ కలిపి ఆ నీరు సుమారు 150 మిల్లీలీటర్లు ఉంటుంది, రోజుకు దాదాపు 500 మిల్లీలీటర్లు కొత్తగా ఊరుతుంది. తీసినదంతా గంట గడిచేలోగా మళ్లీ నిండుతుంది. "నీళ్లు తీస్తే మనిషి ఎండిపోతడు" అనే ముసలమ్మకు ఈ లెక్క చెప్పి చూడండి, ఆమెకు అర్థం కాకపోతే నన్నడగండి. చెరువులోకి ఎంత నీరు వస్తుందో, తూము నుంచి ఎంత పోతుందో పుట్టినప్పటి నుంచీ చూస్తున్న మనిషి ఆమె.

కదలకుండా ఉండటం అవసరమే. కదిలితే సూది దారి తప్పుతుంది, మళ్లీ గుచ్చాల్సి వస్తుంది, నీటిలో రక్తం కలిసి రిపోర్టు చెడుతుంది. చెప్పాల్సింది ఈ మాటే. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకూ, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినవాళ్లకూ, తలలో ఒత్తిడి పెరిగిన లక్షణాలున్నవాళ్లకూ ముందు జాగ్రత్తలున్నాయి. అవసరమైతే ముందు స్కాన్ తీస్తారు. అది కూడా చెప్పండి. ప్రమాదం ఎక్కడుందో చెప్పిన డాక్టరునే, లేనిచోట లేదన్నప్పుడు జనం నమ్ముతారు.

ఈ అబద్ధానికి వెల చెల్లించేది పిల్లలు. 2003 జూన్ నుంచి ఆగస్టు దాకా అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు మెదడువాపుతో మంచాన పడ్డారు. వాళ్లలో 183 మంది చనిపోయారు. చండీపుర వైరస్ కారణమని తర్వాత తేలింది. పొద్దున ఆడుకున్న బిడ్డ మర్నాటికి లేకుండా పోవడం ఆ ఏడాది కరీంనగర్, వరంగల్ ఊళ్లు చూశాయి. ఆ వైరస్‌కు మందు లేదు. కానీ జ్వరంతో ఫిట్స్ వచ్చిన ప్రతి పిల్లకూ అదే వైరస్ కాదు కదా! బాక్టీరియా వల్ల వచ్చే మెదడు పొరల జబ్బుకు మందు ఉంది, టీబీకి ఉంది. ఏ జబ్బో తేల్చడంలో ఆ నాలుగు చుక్కల నీటికి సాటి వచ్చే పరీక్ష లేదు. బాక్టీరియా జబ్బు వచ్చినవాళ్లలో ఆరుగురిలో ఒకరు చనిపోతారనీ, ఐదుగురిలో ఒకరికి తీవ్రమైన వైకల్యం మిగులుతుందనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. టీబీ అయితే సన్నటి జ్వరంగా, తలనొప్పిగా, వాంతులుగా వారాల తరబడి నటించి, ఆఖర్న మనిషిని స్పృహ లేకుండా చేస్తుంది. ఇంత పంతం మీద ఉన్న జబ్బు ముందర, ఒక తండ్రి కూసుమంచి గుడిలోని గణపేశ్వరుడికి మొక్కుకుని ఖమ్మం దాకా వచ్చి, వెన్నులో సూది అనగానే "మా ఇష్టం మీదే తీసుకుపోతున్నాం" అన్న కాగితం మీద వేలిముద్ర వేసి బిడ్డను భుజాన వేసుకుని వెళ్లిపోతున్నాడంటే, ఆ వేలిముద్ర కింద ఇంకో సంతకం ఉండాలి. అతనికి నిజం చెప్పని మనిషి సంతకం.

నేనూ ఆ బల్ల మీద పడుకున్నాను. ఎక్కడ అన్నది అనవసరం. స్పిరిట్ వీపు మీంచి జారి లుంగీ అంచు తడిపింది. నా కళ్లెదుట పెచ్చులూడిన గోడ, దానికో మేకు. నా వెనక ఇద్దరు మధ్యాహ్నం మెస్సులో కూర గురించి మాట్లాడుకుంటున్నారు. వాళ్లకు నా వీపు కనిపిస్తోంది, నేను కనిపించడం లేదు. "చీమ కుట్టినట్టుంటది" అన్నారు. మత్తు సూది మంట ఇంకా మండుతుండగానే పెద్ద సూది దింపారు. ఆ మందు పనిచేయడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, ఆ కాసేపు కూడా ఆగలేదు. నేను అరిచాను. "పెద్దమనిషివి, గట్లరుస్తవేంది?" అన్నారు. సూది ఎముకకు తగిలిన ప్రతిసారీ ఒళ్లంతా కొయ్యబారింది, కొయ్యబారిన కొద్దీ సూదికి సందు దొరకలేదు.

అప్పుడు ఒక పెద్ద నర్సమ్మ నా ముఖం వైపు వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుని, నా చేయి పట్టుకుంది. "నానా, ఇప్పుడు లోపల నొక్కినట్టు తెలుస్తది. నొప్పైతే చెప్పు, నేను ఆపమంట" అంది. నొప్పి మాయమైందని చెప్పను. ఆపమంటే ఆపేవాళ్లు గదిలో ఒకరున్నారని తెలిసింది. ఊపిరి కిందికి దిగింది, నడుము వదులైంది, సూదికి దారి దొరికింది. ఆమె చేసిన పని దయ అని పొగిడి ఊరుకునేది కాదు. అది వైద్యం. గదిలో ఉన్న అందరూ చేయాల్సిన వైద్యాన్ని ఆమె ఒక్కతే చేసింది.

ఈ పరీక్ష నిన్నా మొన్నటిది కాదు. 1891లో జర్మనీలోని కీల్ నగరంలో హైన్రిఖ్ క్విన్కె దీన్ని లోకానికి చూపించాడు. అదే ఊళ్లో 1898లో ఆగస్ట్ బీర్ అనే సర్జన్ వెన్నులోకి కొకైన్ ఎక్కించి నడుము కింద మొద్దుబార్చే పద్ధతిని కొందరు రోగులపై వాడాక, తన మీద కూడా పరీక్షించుకోవాలనుకుని, తన వెన్నునే అసిస్టెంట్ హిల్డెబ్రాండ్‌కు అప్పగించాడు. సిరంజి సూదికి సరిగ్గా అమరక నీరు చాలా కారిపోయింది. తర్వాత హిల్డెబ్రాండ్ వంతు వచ్చింది. అతని కాలి ఎముక మీద సుత్తితో కొట్టి మరీ చూశారు. ఇద్దరికీ తర్వాత తలనొప్పి పట్టుకుంది. లేస్తే వచ్చే ఆ బాధతో బీర్ తొమ్మిది రోజులు అవస్థ పడ్డాడు. దాన్ని దాచుకోలేదు, ఉన్నదున్నట్టు రాశాడు. 120 ఏళ్లు దాటినా, ఆ తలనొప్పి సంగతి ముందుగా రోగికి చెప్పడానికి మన దగ్గర ఇంకా నోరు రావడం లేదు!

పైగా దాన్ని తగ్గించే దారి కళ్లముందుంది. మొనతో కోసుకుంటూ పోయే పాతరకం సూదికి బదులు, పోగులను పక్కకు జరుపుకుంటూ వెళ్లే పెన్సిల్ మొన సూది వాడితే ఆ తలనొప్పి నూటికి 11 మంది నుంచి సుమారు 4 మందికి తగ్గుతుందని 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పెద్ద సమీక్ష తేల్చింది. ఆ సూది ఖరీదు కొంత ఎక్కువ. అంతే తేడా. అయినా కోసే సూదే కొంటారు, కోసే సూదే గుచ్చుతారు, ఆ తర్వాత "ఒక రోజంతా తలగడ లేకుండా పడుకో" అంటారు. అలా పడుకోబెడితే తలనొప్పి రాదనడానికి పరిశోధనల్లో ఆధారం దొరకలేదు. కొన్నది తప్పు సూది, చెప్పింది కాలం చెల్లిన జాగ్రత్త. బాధ మాత్రం రోగిది.

మా ఆడవాళ్ల మాట కూడా వినండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21లో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. వాటిలో ఎక్కువ వెన్నులో మత్తు సూది ఇచ్చి చేసేవే. అంటే ఈ సూది తెలియని వాడకట్టు లేదు. "ఆ సూది పడ్డప్పటి నుంచే నా నడుము పోయింది" అని ప్రతి బజారులో ఒక తల్లి అంటుంది. ఆ సూదికీ ఏళ్ల తరబడి ఉండే నడుంనొప్పికీ సంబంధం ఉందని పరిశోధనలు తేల్చలేదు. కడుపు మోసిన నెలలు, బిడ్డను ఎత్తుకున్న చేతులు, పచ్చి బాలింతగానే బిందె ఎత్తిన పని, వీటన్నిటికీ ఆ నొప్పిలో వాటా ఉంది. ఆమె అడిగినప్పుడు ఎవరైనా పక్కన కూర్చుని ఇది చెప్పారా? "అదేం లేదమ్మా, పో" అన్నారు. జవాబు దొరకని నొప్పి తన జవాబు తానే వెతుక్కుంది. రేపు ఆమె మనవడికి ఫిట్స్ వస్తే, ఇంట్లో "వెన్నులో సూది వద్దు" అనే మొదటి గొంతు ఆమెదే. భద్రాచలం ఏజెన్సీ నుంచి వచ్చిన కోయ తల్లి పరిస్థితి ఇంకా ఘోరం. ఆమె మాట మనకు రాదు, మన మాట ఆమెకు సగమే తెలుసు. మనం గొంతు పెంచుతాం. అరిస్తే భాష అర్థమవుతుందా?

పిల్లల విషయానికి వస్తే నాకు ఆవేశం ఆగదు. పసిగుడ్డుకు నొప్పి తెలియదని వైద్యలోకం చాలాకాలం నమ్మింది. సరైన మత్తు లేకుండా ఆపరేషన్లు కూడా చేసింది. భారత సంతతి డాక్టర్ కన్వల్‌జీత్ ఆనంద్, ఆయన సహచరులు 1987లో లాన్సెట్‌లో అచ్చువేసిన పరిశోధన ఆ నమ్మకాన్ని కూల్చింది. నొప్పి మందు ఇచ్చిన నెల తక్కువ బిడ్డల ఒళ్లు ఆపరేషన్‌ను బాగా తట్టుకుంది, ఇవ్వనివాళ్లు ఎక్కువ చిక్కుల్లో పడ్డారు. ఇప్పటికీ "చిన్నపిల్లే కదా, గట్టిగా పట్టుకోండి చాలు" అనే మాట వినిపిస్తోంది. చర్మం మొద్దుబార్చే క్రీము గంట ముందు పూస్తే సరిపోతుంది. పసిబిడ్డ నాలుక మీద నాలుగు చుక్కల చక్కెర నీళ్లు వేసినా సూది నొప్పి తగ్గుతుందని రుజువైంది. చక్కెర నీళ్లు! అవి కూడా లేని ఆసుపత్రి ఉంటుందా?

డాక్టర్లకు తీరిక లేదంటారు. నిజమే, ఒక్కరు వందమందిని చూస్తున్నారు. దానికి ప్రభుత్వాన్ని నిలదీద్దాం, నేనూ వస్తాను. కానీ మత్తు మందు పనిచేసేదాకా ఆగడానికి కావాల్సింది రెండు మూడు నిమిషాలు. ఆగకుండా గుచ్చి, రోగి ఎగిరిపడి, మళ్లీ గుచ్చడానికి పట్టేది అంతకు ఎన్నో రెట్లు. ఆ మందు, లిగ్నోకెయిన్, జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్న చౌక మందు. లేదనడానికి వీల్లేదు. సంతకం సంగతి కూడా తేల్చుకుందాం. చేసేది ఏమిటో, లాభమేమిటో, ప్రమాదమేమిటో, వేరే దారి ఉందో లేదో చెప్పకుండా తీసుకున్న అంగీకారం అంగీకారం కాదని సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రోగుల హక్కుల పత్రం తయారుచేసింది. మరుసటి ఏడాది కేంద్రం దాన్ని రాష్ట్రాలకు పంపింది. దాన్ని గోడకు అంటిస్తే చాలదు, ఆ బల్ల దగ్గర చదవాలి.

ఈ పరీక్షకు వెళ్లే మా ఊరివాళ్లకు ఒక మాట. వద్దనకండి. కానీ అడగండి. ఎవరు చేస్తారు, కుదరకపోతే ఎన్నిసార్లయ్యాక పెద్ద డాక్టరును పిలుస్తారు, మత్తు మందు ఇచ్చి ఆగుతారా, మీ మనిషిని ఒకరిని తలవైపు ఉండనిస్తారా, ఇవన్నీ ముందే అడగండి. మొదట మంట, తర్వాత లోతుగా నొక్కుడు ఉంటుంది. ముక్కుతో మెల్లగా పీల్చి, నోటితో ఇంకా మెల్లగా వదలండి. నొప్పైతే ఒంటితో కాదు, నోటితో చెప్పండి. తర్వాత లేస్తే తల పగిలిపోయి, పడుకుంటే తగ్గే నొప్పి వస్తే ఆసుపత్రికి తిరిగి వెళ్లండి. మందులతో తగ్గకపోతే మీ రక్తాన్నే కొంచెం తీసి నడుములో ఎక్కించి ఆ కన్నం మూసే చికిత్స ఉంది. జ్వరం వచ్చినా, కాళ్లలో బలం తగ్గినా ఆగకండి, అప్పుడే వెళ్లండి. ఏడుపొస్తే ఏడవండి, దానికి సిగ్గుపడాల్సింది మీరు కాదు.

2023 సెప్టెంబరులో ఖమ్మంలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అంతకు ముందు ఏడాది కొత్తగూడెంలో వచ్చింది. రేపు మా వెన్నుల మీద చేయి వేయబోయేది ఈ పిల్లలే. 2019లో మారిన ఎంబీబీఎస్ పాఠ్యక్రమంలో రోగితో మాట్లాడటం ఒక పాఠంగా చేరింది. అయితే దాన్ని పరీక్షించండి. మొదటి సూది బొమ్మ మీద గుచ్చించండి, మనిషి మీద కాదు. మనిషి దగ్గరికి వచ్చిన రోజున, సూది పట్టుకునే ముందు ఆ విద్యార్థి రోగి ముఖం వైపు వెళ్లి, పేరు చెప్పుకుని, ఏం చేయబోతున్నాడో ఖమ్మం మాటలో చెప్పాలి. కోయ మాట రాకపోతే వచ్చినవాళ్లను పక్కన నిలబెట్టుకోవాలి. చెప్పలేనివాణ్ణి ఆ రోజు ఫెయిల్ చేయండి. "కదిలితే కాళ్లు పడిపోతాయి" అన్నవాణ్ణి, వాడెంత పెద్ద ప్రొఫెసరైనా సరే, ఆ గదిలోంచి బయటికి పంపండి.