దొనకొండ బయలుకు కంచె వద్దు, టిక్కెట్టూ వద్దు



పోయిన ఆదివారం దొనకొండ విమానాశ్రయం మీద మీ పత్రికలో అచ్చయిన వ్యాసం చదివాను. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఆ రన్‌వే చుట్టూ 130 ఎకరాల పైచిలుకు నేల ఎందుకూ పనికిరాకుండా పడి ఉందట, బర్లిన్‌లోలాగా ప్రకృతి వనం చేయాలట. ఆలోచన మంచిదే. ఒళ్లు మండింది ఆ తర్వాతి పేరాకు: చుట్టూ కంచె, రంగుల ఫౌంటెన్లు, సిమెంటు జింకలు, గేటులో టిక్కెట్టు, పశువులకు ప్రవేశం నిషిద్ధం!

బర్లిన్‌లోని పాత విమానాశ్రయం టెంపెల్‌హోఫ్‌లో ఈ ఫౌంటెన్లు, సిమెంటు జింకలు, టిక్కెట్లు మీ వ్యాసకర్తకు ఎక్కడ కనిపించాయో! అక్కడ 2008 అక్టోబరులో విమానాలు ఆగాయి, 2010 మేలో జనాన్ని లోపలికి రానిచ్చారు. టిక్కెట్టు లేదు. రన్‌వేలు తవ్విపోయలేదు, వాటి మీదే సైకిళ్లు తొక్కుతున్నారు. గడ్డిలో భరతపక్షులు గుడ్లు పెట్టే కాలంలో ఆ మేరకే మనుషుల్ని దూరంగా ఉంచుతారు. అంచుల్లో ఇళ్లు కడతామని ప్రభుత్వం అంటే, 2014 మేలో జనం ఓట్లేసి వద్దన్నారు.

కంచె అంటే నాకెందుకింత మంటో చెప్తాను. మా ఊరి మేత పోరంబోకును కూడా ఇలాగే పార్కు చేశారు. పెద్దలొచ్చి కొబ్బరికాయ కొట్టారు, ఫొటోలు దిగారు, జేసీబీతో గుంతలు తీయించారు. అక్కడే గులకరాళ్ల మధ్య తీతువు పిట్ట నాలుగు గుడ్లు పెట్టింది. మచ్చలతో సహా అచ్చం రాళ్ల రంగే, పక్కన నిలబడ్డా పోల్చుకోలేం. డ్రైవరుకు వేలుపెట్టి చూపించాను. "రాళ్లే గదా పెద్దాయనా" అని పోనిచ్చాడు. పిట్ట మా నెత్తి మీద తిరుగుతూ అరుస్తూనే ఉంది. నాటిన కోనోకార్పస్ మొక్కలు నీళ్లు పోసే దిక్కులేక ఆ ఎండాకాలమే మాడిపోయాయి. ఇప్పుడక్కడ చిల్లచెట్లు తప్ప గరికపోచ లేదు. అయినా కంచె సందులోంచి నా జీవాలు దూరితే బందెలదొడ్డికి తోలి జుల్మానా కట్టించుకున్నారు. రసీదడిగితే రేపు రమ్మన్నారు. ఆ రేపు ఇంతవరకు రాలేదు.

ఫౌంటెన్ల మాట ఎత్తారు కాబట్టి ఇదీ వినండి. మా కనిగిరి వైపు ఫ్లోరైడు నీళ్లు తాగి కాళ్లు వంకర పోయినవాళ్లున్నారు. వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన 1996లో జరిగింది. అప్పుడు పుట్టిన పిల్లలకు పిల్లలు పుట్టారు, మేమింకా ట్యాంకరు కోసం బిందెలు వరసపెడుతున్నాం.  ఇక్కడ రంగుల ఫౌంటెన్లా? సరే, ఆ గోడు ఇంకో ఉత్తరంలో రాస్తాను.

గడ్డినేలను పనికిరాని నేల అనడమే అసలు తప్పు. బట్టమేక పిట్ట కోసం 1988లో అప్పటి కర్నూలు జిల్లా రోళ్లపాడును అభయారణ్యం చేశారు. ఆ పిట్టకు పొట్టి గడ్డి, బయలు నేల కావాలి. తోటలు, లాన్లు దానికెందుకు? చుట్టూ సాగు మారిపోయి, బయలు తరిగిపోయి అక్కడా అది దాదాపు కనుమరుగైంది. ఉన్న బయలునైనా నిలుపుకోవడం మానేసి సిమెంటు జింకలు పెడదామంటారా?

దొనకొండలో మళ్లీ విమానాలు దిగుతాయంటే అది వేరే మాట. దిగకపోతే ఆ నేలను ప్రజల పేరనే, గడ్డినేలగానే ఉంచండి. చిల్లచెట్లను వేళ్లతో సహా పెకలించండి. హద్దురాళ్లు గట్టిగా పాతండి. రాష్ట్ర రాజధాని దొనకొండకు వస్తుందన్న పుకారుకే 2014లో అక్కడ భూముల ధరలు ఎలా ఎగిరాయో చూశాం, కాజేసే చేతులకు కొదవ లేదు. పిట్టలు గుడ్లు పెట్టే నెలల్లో ఎటువైపు మేపకూడదో కాపరులతో కూర్చుని ఒప్పందం చేసుకోండి. మాటిస్తే మేం తప్పం. మాకు రసీదు కూడా అక్కర్లేదు.

మళ్లీ రాసేముందు మీ వ్యాసకర్తను ఒకసారి దొనకొండ పంపండి. కారు దిగి, అక్కడ జీవాలు తోలేవాళ్లను అడిగి రాయమనండి.

ఇట్లు,
ఒక గొర్రెల కాపరి,
హనుమంతునిపాడు