బూతు సైట్లకు సమీక్షలు ఎవరు రాయాలి?

సినిమాకి సమీక్ష ఉంది, నవలకి ఉంది, ప్రెషర్ కుక్కర్‌కీ ఉంది. ఇంటర్నెట్‌లో నడిచే బూతు సైట్లకు కూడా సమీక్షలున్నాయంటే మన పాఠకుల్లో చాలామంది ఆశ్చర్యపోతారు. ఉన్నాయి. వాటినే వృత్తిగా పెట్టుకుని రాసేవాళ్ళున్నారు. బొమ్మ ఎంత స్పష్టంగా ఉంది, నెలకు చందా ఎంత, మధ్యలో ప్రకటనలు ఎన్నిసార్లు అడ్డొస్తాయి, వారానికి కొత్త వీడియోలెన్ని, చందా మానుకోవడం తేలికేనా - ఇవీ వాళ్ళ కొలబద్దలు. చివర మార్కులు వేస్తారు. ఆ సమీక్ష దగ్గర నొక్కి ఎవరైనా చందాదారుగా చేరితే రాసినవాడికి కమీషన్ ముట్టే ఏర్పాటు ఈ వ్యాపారంలో మామూలే. అలాంటి సమీక్షకీ, సారా దుకాణం ముందు నిలబడి లోపలికి రమ్మని పిలిచేవాడి కేకకీ తేడా ఏముంది?

ఆ కొలబద్దల్లో ఒక ప్రశ్న ఎక్కడా కనపడదు. ఆ బొమ్మలో ఉన్న స్త్రీ ఇందుకు ఒప్పుకుందా? ఒప్పుకుని ఉంటే, రేపు వద్దనుకున్నప్పుడు తీసేస్తారా? ఈ ప్రశ్న వెయ్యని సమీక్షకు విలువ లేదని నా వాదన. అంతేకాదు, ఆ ప్రశ్న వేసే సమీక్షలు మనమే రాయాలని కూడా నా వాదన.

ఈ మాట సంఘంలో అన్నప్పుడల్లా రెండు జవాబులొస్తాయి. "ఛీ, వాటి పేరెత్తడమేమిటి" అనేది ఒకటి. "ఎవరిష్టం వాళ్ళది, మనం నీతిపోలీసులమా" అనేది రెండోది. మొదటిది చెప్పేవాళ్ళు బూతుని చూస్తున్నారు, రెండోది చెప్పేవాళ్ళు చూసేవాడి స్వేచ్ఛని చూస్తున్నారు. ఇద్దరి చూపులోనూ బొమ్మలో ఉన్న మనిషి లేదు.

నేనుండేది సూళ్లూరుపేటలో. ఒకవైపు శ్రీహరికోట నుంచి రాకెట్లు లేస్తాయి. ఇంకోవైపు తడ దాటితే శ్రీసిటీ. అక్కడ 2015లో సెల్‌ఫోన్లు బిగించే పని మొదలైనప్పుడు ఆ పనికి తీసుకున్నది ఎక్కువగా ఆడపిల్లల్నే. ఊళ్ళ నుంచి వచ్చి, హాస్టళ్ళలో, అద్దె గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉంటూ మూడు షిఫ్టుల్లో పనిచేసే పిల్లలు. తమ చేతుల్తో బిగించిన ఫోన్లలో తమలాంటి పిల్లల ఒళ్ళు సరుకవుతుంటే, అది ఎట్లా వచ్చిందని అడిగే హక్కు ముందు వాళ్ళది.

నా దగ్గరికి సలహా కోసం వచ్చే ఆడవాళ్ళు చెప్పేవి దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. ప్రేమించినవాడు తీసుంటాడు, పెళ్ళి తప్పిపోయాక పంచుతాడు. లేదంటే గది కిటికీలోంచి ఎవడో తీస్తాడు. ఒక అమ్మాయి ఫిర్యాదు పట్టుకుని ఒక స్టేషన్‌కి పోతే, అక్కడ అడిగిన మొదటి మాట: "నువ్వెందుకు తియ్యనిచ్చినావమ్మా?" వీడియో ఏ సైట్లో ఉంది, ఎవరు పెట్టారు, తీసేయమని రాశారా అన్న ప్రశ్నలు ఆ తర్వాత కూడా రాలేదు.

దీనికి ఆ స్టేషన్లో కూర్చున్నవాళ్ళ మనస్తత్వం ఒక్కటే కారణమనుకోకూడదు. చట్టంలోనే ఆ చూపు ఉంది. సమాచార సాంకేతిక చట్టంలోని 67, 67ఎ సెక్షన్లు బొమ్మ అశ్లీలమా, లైంగిక చర్యను చూపిస్తోందా అని అడుగుతాయి. ఆమె ఒప్పుకుందా అన్నది అక్కడ ప్రశ్నే కాదు. ఒప్పుకోలు మాట ఎత్తేది 66ఇ, అనుమతి లేకుండా ఒకరి ఒంటి రహస్య భాగాల బొమ్మ తీసినా పంచినా మూడేళ్ళ వరకు శిక్ష అంటుంది. ఫిర్యాదు రాసేటప్పుడు ఈ సెక్షన్ పేరు మనమే పట్టుబట్టి రాయించాలి. లేకపోతే కేసు "అశ్లీలత" కేసవుతుంది, బాధితురాలు అశ్లీలతలో భాగమవుతుంది.

ఇక ప్రభుత్వం సంగతి. 2015 జూలై ఆఖరున కేంద్రం ఒక్క ఉత్తర్వుతో 857 సైట్లను ఆపమంది. గోల లేచింది. నాలుగైదు రోజుల్లోనే వెనక్కి తగ్గి, పిల్లల బొమ్మలు లేనివాటిని ఆపనక్కర్లేదంది. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు ఆదేశం మీద మళ్ళీ 827 సైట్ల జాబితా వేసింది. రెండుసార్లూ సైట్లను లెక్కపెట్టారే గాని, వాటిలో ఇష్టం లేకుండా ఎక్కిన స్త్రీ ఎక్కడుందో, ఆమె బొమ్మ ఎట్లా తీయించాలో వెతకలేదు. ఒక పేరు ఆపితే మరో పేరుతో తెరుచుకుంటుంది. ఆమె వీడియో మాత్రం కొత్త పేరు కింద అట్లాగే ఉంటుంది.

సరైన ప్రశ్న వేస్తే ఏమవుతుందో 2020 డిసెంబర్ చెప్పింది. ఆ నెల 4న న్యూయార్క్ టైమ్స్‌లో నికొలస్ క్రిస్టాఫ్ పోర్న్‌హబ్ మీద ఒక వ్యాసం రాశాడు. అందులో నీతిబోధ లేదు. మైనరు పిల్లలవీ, అత్యాచారాలవీ వీడియోలు ఆ సైట్లో ఎట్లా ఎక్కుతున్నాయి, తీసేయమని మొత్తుకున్నా మళ్ళీ మళ్ళీ ఎట్లా ఎక్కుతున్నాయి, ఆ డబ్బు ఏ కార్డుల మీదుగా పోతోంది - ఇవే అడిగాడు. వారం తిరక్కుండానే వీసా, మాస్టర్‌కార్డ్ ఆ సైట్‌కు చెల్లింపులు ఆపాయి. 14వ తేదీకల్లా, ఎక్కించినవాళ్ళ వివరాలు రుజువు కాని వీడియోలను సైట్ తనంతట తనే పక్కన పెట్టింది. అవి సుమారు కోటి! ఏళ్ళ తరబడి కుదరదన్న పని పది రోజుల్లో కుదిరింది. 2021 అక్టోబర్ నుంచి మాస్టర్‌కార్డ్ కొత్త నియమాలు పెట్టింది: బొమ్మలో ఉన్న ప్రతి మనిషి వయసుకీ, గుర్తింపుకీ కాగితాలుండాలి, ఫిర్యాదును ఏడు పనిదినాల్లో తేల్చాలి. నా లెక్కలో ఆ వ్యాసం ఒక సమీక్షే. వ్యాపారస్తుడు భయపడే సమీక్ష అట్లా ఉంటుంది.

ఒప్పుకోలు అనే మాటను కూడా గట్టిగా తట్టి చూడాలి. అమెరికాలోని శాన్‌డియాగోలో ఒక సంస్థ మోడలింగ్ ప్రకటనలిచ్చి అమ్మాయిల్ని పిలిపించింది. వీడియోలు ఇంటర్నెట్‌లోకి రావు, ఎక్కడో విదేశాల్లో డిస్కులుగా అమ్ముతాం అని నమ్మించి సంతకాలు పెట్టించుకుంది. వీడియోలు నెట్‌లోనే పెట్టారు. 22 మంది స్త్రీలు కోర్టుకెక్కితే 2020 జనవరిలో వాళ్ళకి కోటీ ఇరవై ఏడు లక్షల డాలర్లు ఇవ్వమని తీర్పు వచ్చింది. బొమ్మ స్పష్టతకు మార్కులేసేవాడు ఆ వీడియోల్లో "కొత్త పిల్లల సహజత్వం" చూసి మార్కు ఎక్కువే వేస్తాడు. ఆ బెరుకు వెనక మోసముందని అతని కొలబద్దకు తెలియదు. సంతకం ఉన్నంతమాత్రాన సమ్మతి ఉన్నట్టు కాదని పెళ్ళి కాగితాల నుంచి ప్రాంసరీ నోట్ల దాకా మన ఆడవాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇదంతా పరాయి దేశాల గొడవ అనుకోవద్దు. 2015 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లోని ప్రజ్వల సంస్థ, వాట్సాప్‌లో తిరుగుతున్న అత్యాచార వీడియోల గురించి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఒక ఉత్తరం రాసింది. కోర్టు ఆ ఉత్తరాన్నే కేసుగా తీసుకుంది. పెద్దపెద్ద ఇంటర్నెట్ కంపెనీలను పిలిపించి కూర్చోబెట్టింది. పిల్లల మీద, స్త్రీల మీద జరిగే ఇలాంటి నేరాలను పేరు చెప్పకుండానే తెలియజేసే కేంద్ర పోర్టల్ 2018లో వచ్చిందంటే దాని వెనక ఆ ఉత్తరం ఉంది. తెలుగునేల మీద నుంచి ఒక స్త్రీల సంస్థ రాసిన నాలుగు మాటల బలం అది.

మరి మన సమీక్ష ఎట్లా ఉండాలి? ఒక్క వీడియో కూడా తెరవనక్కర్లేదు. ప్రతి సైట్ అడుగున చిన్న అక్షరాల్లో నియమాల పేజీ, ఫిర్యాదుల పేజీ ఉంటాయి. సమీక్షకుడు చదవని ఆ పేజీలే మనం చదవాలి. ఒకటి, వీడియో ఎక్కించేవాడి దగ్గరే కాక అందులో కనపడే ప్రతి మనిషి వయసుకీ, సమ్మతికీ కాగితం అడుగుతున్నారా? రెండు, తీసేయమని అడగడానికి దారి కనపడేట్టు ఉందా, ఎన్నాళ్ళలో తీస్తామంటున్నారు? మన దేశంలో 2021 నిబంధనలు ఇలాంటి ఫిర్యాదుకు గంటల్లోనే గడువు రాశాయి. దానితో పోల్చి చూడాలి. మూడు, తీసిన వీడియో మళ్ళీ ఎక్కకుండా ఏం చేస్తున్నారు? నాలుగు, శీర్షికలు ఏం అమ్ముతున్నాయి? "దొంగచాటుగా తీసినది" అని గొప్పగా చెప్పుకునే శీర్షిక నేరాన్ని సరుకుగా పెట్టినట్టే. "పక్కింటి ఆంటీ", "పల్లెటూరి పిల్ల" అనే వరసలు ఏ ఆడవాళ్ళని చవగ్గా దొరికేవాళ్ళుగా చూపుతున్నాయో రాయాలి. అయిదు, డబ్బు ఎవరి మీదుగా పోతోంది? ఏ కార్డు, ఏ ప్రకటనకర్త? మన ఉత్తరం చేరాల్సింది అక్కడికే.

జాగ్రత్తలు కూడా చెప్తాను. ఒంటరిగా ఈ పని పెట్టుకోవద్దు, ఇద్దరు కూర్చుని చెయ్యండి. సైట్ చిరునామా పత్రికలో అచ్చెయ్యొద్దు, అది ఉచిత ప్రకటన అవుతుంది. ఏ స్త్రీ పేరూ, ఆనవాలూ రాయొద్దు. పిల్లల బొమ్మ అని అనుమానం వస్తే సాక్ష్యం కోసమైనా దాచొద్దు, ఎవరికీ పంపొద్దు. 67బి సెక్షన్ కింద వెతకడం, దించుకోవడం కూడా నేరమే. నేరుగా పోర్టల్‌లో తెలియజేయండి. అట్లాంటిదాన్ని బూతు బొమ్మ అని కూడా అనకూడదు, అది పిల్లల మీద జరిగిన అత్యాచారానికి ఆనవాలు అని 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చింది.

1980ల్లో, 90ల్లో మన సంఘాలు అసభ్య పోస్టర్ల మీద తారు పూశాయి. 1986లో స్త్రీల అసభ్య చిత్రణ నిషేధ చట్టం వచ్చింది. ఇప్పుడు పోస్టర్ ప్రతివాడి జేబులో ఉంది, తారుకు అందదు. దీనికి దారి దూబగుంటలో ఉంది. 1992లో ఆ ఊరి ఆడవాళ్ళు సారా మీద లేచినప్పుడు మా సూళ్లూరుపేట కూడా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. తాగేవాడి నీతి గురించి మాట్లాడి ఊరుకుంటే అది ఇంటి తగవుగానే మిగిలేది. వాళ్ళు దుకాణం ఎవరిది, పాట ఎవరు పాడుతున్నారు, డబ్బు ఎక్కడికి పోతోంది అని అడిగారు. సారా వేలంపాటలకు అడ్డం నిలబడ్డారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా ఆగింది.

ఈ దుకాణానికీ పాటదారులున్నారు, లెక్కలున్నాయి. ఆ లెక్కల్లో మనవాళ్ళ ఒళ్ళున్నాయి. పై అయిదు ప్రశ్నలూ మీ సంఘం సమావేశంలో చదవండి. ఒక్కో సంఘం ఒక్కో సైట్ నియమాలు చదివి, ఒక పేజీ తెలుగులో రాయండి. ఏ ప్రశ్నకు జవాబు దొరకలేదో ఆ ఖాళీని ఖాళీగానే చూపించండి. ఆ పేజీ ఒక కాపీ ఈ పత్రికకీ, ఒక కాపీ ఆ డబ్బు మోసే కంపెనీకీ పంపండి. మార్కులు వేసే పని ఇన్నాళ్ళూ కొనేవాడు చేశాడు. ఇక అమ్ముడవుతున్నవాళ్ళ వైపు నుంచి వేద్దాం.